ఎండ ముదిరితే ఆగిపోయే కారు ఏసీ: కారణం ఎలా దొరికింది

పొద్దున పూట మా కారు ఏసీకి వంక పెట్టడానికి ఏమీ ఉండేది కాదు. ఇంజన్ స్టార్ట్ చేసిన కాసేపటికే చల్లటి గాలి వచ్చేది. అదే కారు మిట్టమధ్యాహ్నం ట్రాఫిక్‌లోకి తీసుకెళ్తే, మొదట బాగానే ఉండి, అరగంటో ముప్పావుగంటో గడిచాక ఉన్నట్టుండి వేడిగాలి కొట్టేది. ఏసీ బటన్ మీద లైటు వెలుగుతూనే ఉంటుంది. బ్లోయర్ తిరుగుతూనే ఉంటుంది. లోపల కూర్చున్నవాళ్లం మాత్రం అద్దాలు దించుకోవాల్సి వచ్చేది. నీడలో కాసేపు ఆపి ఉంచితే మళ్లీ ఏమీ ఎరగనట్టు చల్లబడేది.

వచ్చీపోయే లోపంతో చిక్కేమిటంటే, మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి అది ఉండదు. వరసలో మన వంతు వచ్చేదాకా కారు ఆగి ఉంటుంది, ఆయన బానెట్ ఎత్తుతాడు, ఈలోపు ఇంజన్ దగ్గర వేడి తగ్గిపోతుంది. వెంట్ దగ్గర చెయ్యి పెట్టి చూసి "కూలింగ్ బానే ఉంది కదా సార్" అంటాడు. మొదట చూపించిన చోట "ఎందుకైనా మంచిది, గ్యాస్ పట్టిద్దాం" అన్నారు. ఇంకోచోట కంప్రెసర్ (గ్యాస్‌ని ఒత్తి పంపే పంపు) మార్చాలన్నారు. ఇద్దరూ కారు బాగా పనిచేస్తున్నప్పుడు చూసి చెప్పిన మాటలే అవి. జ్వరం తగ్గాక థర్మామీటర్ పెట్టి ఏం లాభం?

చూపించలేని లోపాన్ని కనీసం సరిగ్గా చెప్పాలి కదా అని, ఏసీ ఆగినప్పుడల్లా ఏం జరుగుతోందో ఫోన్‌లో రాసుకోవడం మొదలుపెట్టాను. డ్రైవర్ సీట్లో కూర్చుని చూడగలిగినవి కూడా ఇన్ని ఉంటాయని అప్పటిదాకా నాకూ తెలియదు.

గాలి వేడెక్కినా దాని జోరు తగ్గలేదు. ఇది ముఖ్యమైన ఆనవాలు. డ్యాష్‌బోర్డు వెనకాల ఉండే కూలింగ్ కాయిల్ మీద మంచు పేరుకుపోయి గాలి అడ్డుపడితే, బ్లోయర్ నాలుగో నంబర్ మీద ఉన్నా గాలి సన్నగా వస్తుంది. ఏసీ కట్టేసి బ్లోయర్ ఒక్కటే కాసేపు తిప్పితే మంచు కరిగి గాలి మళ్లీ జోరందుకుంటుంది, కారు కింద నీళ్లు మామూలుకంటే ఎక్కువ కారతాయి. మా కారులో ఇవేవీ లేవు.

రెండోది, ఆగిన వెంటనే తేమగా, ముక్కిపోయిన వాసనతో గాలి వచ్చేది. కూలింగ్ చిన్నగా తగ్గిపోతూ ఉంటే ఇంత హఠాత్తుగా వాసన రాదు. కంప్రెసర్ ఒక్కసారిగా ఆగిపోయి, అప్పటిదాకా తడిసి ఉన్న కాయిల్ మీది నీరు ఆవిరవుతుంటే వచ్చే వాసన అది. అంటే చల్లదనం తగ్గడం లేదు, పూర్తిగా ఆగిపోతోంది. ఈ రెండింటికీ తేడా చాలా ఉంది.

మూడోది, గాలి వేడిగా వస్తున్నా రేడియేటర్ దగ్గరున్న ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉండేది. ఐడ్లింగ్‌లో ఇంజన్ చప్పుడు కూడా ఏసీ వేసినప్పుడు పెరిగే స్థాయిలోనే ఉండేది. ఏసీ బటన్ లైటుని నేను లెక్కలోకి తీసుకోలేదు. మనం ఏసీ అడిగామని మాత్రమే అది చెబుతుంది, కంప్రెసర్ తిరుగుతోందని చెప్పదు. కానీ ఫ్యాన్ తిరగడం, ఐడ్లింగ్ పెరగడం ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) చేసే పనులు. అంటే ఈసీయూ తన వరకు ఏసీ నడుస్తోందనే అనుకుంటోందన్న మాట.

ఇంకో రెండు సంగతులు మాత్రం నాకు అంతుపట్టలేదు. ఒకటి, ఎంత ఎండైనా హైవే మీద దాదాపు ఆగేది కాదు. రెండోది మరీ వింత: బ్లోయర్ ఫుల్‌గా పెట్టి ఉంచితే చాలాసేపు పనిచేసేది, కారు చల్లబడింది కదా అని ఒకటో నంబర్‌కి తగ్గిస్తే కాసేపటికే ఆగిపోయేది. భారం తగ్గిస్తే ఎక్కువసేపు పనిచేయాలి కదా! ఇక్కడ తిరగబడుతోంది. ఈ రెండూ రాసి పక్కన పెట్టుకున్నాను. చివరికి అవే అసలు కథ చెప్పాయి.

ముందు గ్యాస్ సంగతి తేల్చుకోవాలనుకున్నాను. ఏ ఏసీ సమస్యకైనా ఇదే మందు అన్నట్టు అందరూ చెబుతారు గానీ, ఏసీ అనేది మూసి ఉన్న వ్యవస్థ. పెట్రోల్‌లాగా గ్యాస్ ఖర్చయిపోదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని. రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్ల మీద కొద్దిగా తగ్గడం మామూలే. అయితే తగ్గిన గ్యాస్ పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉండదు. తక్కువుంటే కూలింగ్ మొత్తంగా మందగిస్తుంది, ఎండలో ఇంకా మందగిస్తుంది. మంచి కూలింగ్ ఇస్తూ ఇస్తూ స్విచ్ కట్టేసినట్టు ఆగిపోవడం దాని లక్షణంలా అనిపించలేదు.

గేజ్ పెట్టి చూస్తే తెలిసిపోతుందని కొందరు అంటారు. ఇంజన్ ఆపి, కారు పూర్తిగా చల్లారాక గేజ్ పెడితే రెండు వైపులా (కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే లో సైడ్, బయటికి తోసే హై సైడ్) ఒకే ప్రెషర్ చూపిస్తుంది. కార్ల ఏసీల్లో వాడే ఆర్134ఏ గ్యాస్‌కి 30 డిగ్రీల దగ్గర అది సుమారు 97 పీఎస్‌ఐ. లోపల ఎక్కడో కొంచెం ద్రవం మిగిలి ఉన్నంతవరకు, 200 గ్రాములున్నా 450 గ్రాములున్నా గేజ్ అదే అంకె చూపిస్తుంది. ప్రెషర్ ఉష్ణోగ్రతని బట్టి ఉంటుంది గానీ బరువుని బట్టి కాదు. కాబట్టి ఆగి ఉన్న ఇంజన్ మీద గేజ్ చూసి "గ్యాస్ ఫుల్లుగా ఉంది" అనే మాటకి విలువ లేదు. ఎంతుందో తెలియాలంటే మెషీన్‌తో మొత్తం బయటికి తీసి తూకం వేయడం ఒక్కటే దారి.

అలా తూకం వేసే మెషీన్ ఉన్న ఒక ఏసీ మెకానిక్ దొరికాడు. ఓపికున్న మనిషి. నేను ఫోన్‌లో రాసుకున్నదంతా చదివి, "ముందు తూకం చూద్దాం సార్, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. బానెట్ కింద అంటించిన లేబుల్ మీద 450 గ్రాములని ఉంది. మెషీన్ 430 తీసింది. పాత బండికి ఆ తేడా లెక్కలోది కాదు. వాక్యూమ్ పెట్టి ప్రెషర్ నిలిచిందో లేదో చూసుకుని, లేబుల్ ప్రకారం సరిగ్గా నింపాడు. "ఇంకో వంద గ్రాములు ఎక్కువ వేయమని అడిగేవాళ్లుంటారు సార్, ఎక్కువైతే ఎండలో ఇంకా తొందరగా కటాఫ్ అవుతుంది" అన్నాడు. నిజమే. ఎక్కువ గ్యాస్ పడితే కండెన్సర్‌లో ద్రవం నిండి, వేడి బయటికి పోవాల్సిన చోటు తగ్గిపోతుంది. హై సైడ్ ప్రెషర్ పెరిగిపోతుంది.

సమస్య మాత్రం అలాగే ఉంది. కనీసం గ్యాస్ అనే మాట ఇక తీసేయొచ్చు.

తర్వాత అనుమానం కండెన్సర్ మీద. ఎండకీ ఏసీకీ సంబంధం ఎక్కువగా ఉండేది అక్కడే. కారు లోపలి వేడిని గ్యాస్ మోసుకొచ్చి, రేడియేటర్ ముందున్న కండెన్సర్ దగ్గర బయటి గాలికి వదిలేయాలి. బయటి గాలే 42 డిగ్రీలుంటే, వేడి దానిలోకి పోవాలంటే గ్యాస్ అంతకంటే బాగా వేడిగా ఉండాలి. 60 డిగ్రీల దగ్గర ఆర్134ఏ ప్రెషర్ దాదాపు 230 పీఎస్‌ఐ, 70 డిగ్రీల దగ్గర 290 పైమాట. ఫ్యాన్ సరిగ్గా తిరగకపోయినా, కండెన్సర్ రెక్కల మధ్య దుమ్ము, పురుగులు ఇరుక్కుపోయినా ఈ ప్రెషర్ ఇంకా ఎగబాకుతుంది. ఒక హద్దు దాటగానే గొట్టాలు పగలకుండా ప్రెషర్ సెన్సర్ కంప్రెసర్‌ని ఆపేయమంటుంది. ట్రాఫిక్‌లో ఆగిపోయి హైవే మీద బాగుండటం దీనికి అచ్చు గుద్దినట్టు సరిపోతుంది, ఎందుకంటే కారు కదులుతుంటే ఫ్యాన్ లేకపోయినా గాలి తగులుతుంది. నాకు కూడా చాలావరకు ఇదే అనిపించింది.

దీన్ని పరీక్షించడానికి సులువైన పద్ధతి నీళ్లు. ఏసీ వేడిగాలి కొడుతున్నప్పుడు, గ్రిల్ ముందు నుంచి కండెన్సర్ మీద సన్నగా నీళ్లు చల్లాలి. వైర్లు, కనెక్టర్ల మీద పడనివ్వకూడదు. ప్రెషర్ ఎక్కువై ఆగిందైతే, కండెన్సర్ చల్లబడగానే ప్రెషర్ దిగి కంప్రెసర్ మళ్లీ అందుకుంటుంది, ఒకట్రెండు నిమిషాల్లో చల్లగాలి వస్తుంది. నేను చల్లాను. ఏమీ మారలేదు. ఫ్యాన్ కూడా జోరుగానే తిరుగుతోంది, గ్రిల్‌కి ఒక కాగితం ఆనిస్తే అతుక్కుపోయింది. నాకు బాగా నచ్చిన అనుమానం అలా పోయింది.

ఇక మిగిలింది ఒక్కటే పని. లోపం ఉన్నప్పుడే బానెట్ ఎత్తి చూడాలి, అది పోయేలోపే కొలవాలి. మెకానిక్‌కి ఇదే చెప్పాను. "ఎండెక్కినప్పుడు రండి సార్, ఇక్కడే ఆగేదాకా నడుపుదాం" అన్నాడు.

కారుని ఎండలో పెట్టి, ఇంజన్ నడుస్తుండగా ఏసీ ఫుల్‌లో వేసి, గాలి లోపలే తిరిగే బటన్ నొక్కి, బానెట్ మూసి ఉంచాం. మధ్య వెంట్‌లో ఒక థర్మామీటర్ గుచ్చాం. గేజ్‌లు తగిలించి గొట్టాలు బయటికి తీశాం. వెంట్ దగ్గర 9 డిగ్రీలు, లో సైడ్ 40 దాటి, హై సైడ్ 240 దగ్గర. ఆ ఎండకి ఇవి చక్కటి అంకెలే. కంప్రెసర్ లోపల బాగుందని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి. లోపల ప్రెషర్ పుట్టించే శక్తి పోయి ఉంటే, ఇంజన్ నడుస్తున్నా లో సైడ్ ఎక్కువగా, హై సైడ్ తక్కువగా, రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి.

చాలాసేపు ఏమీ కాలేదు. బ్లోయర్ తగ్గిస్తే తొందరగా ఆగుతుందని నా నోట్స్‌లో ఉంది కదా, ఒకటో నంబర్‌కి తగ్గించాను. కాసేపటికి థర్మామీటర్ ముల్లు కదిలింది. 9, 12, 18, అలా ఎక్కుతూ పోయింది. గేజ్‌ల్లో హై సైడ్ జారుతోంది, లో సైడ్ ఎక్కుతోంది. కొద్దిసేపట్లో రెండూ ఒకే అంకె దగ్గరికి వచ్చి నిలబడ్డాయి.

ఈ గేజ్‌లని మాత్రమే చూసినవాళ్లు కంప్రెసర్ పోయిందనే అంటారు. ఇంతకుముందు నాకు చెప్పింది కూడా అదే. తమాషా ఏమిటంటే, ఆ మాట విని కంప్రెసర్ మార్చేసి ఉంటే సమస్య నిజంగానే తీరిపోయేది. కొత్త కంప్రెసర్ చాలాసార్లు కొత్త క్లచ్‌తోపాటే (దాన్ని ఇంజన్ బెల్ట్‌కి కలిపి, విడదీసే భాగం) వస్తుంది. పాత కంప్రెసర్ పాడైందని అందరం నమ్మేవాళ్లం.

బానెట్ ఎత్తాం. ఇక్కడ ఒక మాట: తిరుగుతున్న బెల్ట్, ఫ్యాన్ దగ్గర చేతులు, చున్నీలు, వేలాడే బట్టలు, ఐడీ కార్డు తాడు ఏవీ పెట్టకూడదు. ఫ్యాన్ ఎప్పుడు మొదలవుతుందో చెప్పలేం. పక్క నుంచి టార్చ్ వేసి కంప్రెసర్ ముందు భాగం చూశాం. బెల్ట్ తిప్పే పుల్లీ గిర్రున తిరుగుతోంది. దాని ముందున్న క్లచ్ ప్లేట్ మాత్రం కదలకుండా ఉంది.

క్లచ్ ఎలా పనిచేస్తుందో తెలియనివాళ్లకి రెండు మాటలు. ఇంజన్ నడిచినంతసేపూ పుల్లీ ఊరికే తిరుగుతుంది. కంప్రెసర్ ఇరుసు ముందున్న క్లచ్ ప్లేట్‌కి కలిసి ఉంటుంది. పుల్లీ వెనకాల తీగ చుట్టిన క్లచ్ కాయిల్ ఉంటుంది. దానికి కరెంటు ఇస్తే అయస్కాంతంలా మారి ప్లేట్‌ని లాగి పుల్లీకి అతికిస్తుంది, కంప్రెసర్ తిరుగుతుంది. కరెంటు ఆగితే స్ప్రింగ్‌లు ప్లేట్‌ని వెనక్కి లాగేస్తాయి. క్లచ్ లేని కంప్రెసర్లున్న కార్లు కూడా ఉన్నాయి, వాటిలో ఇరుసు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, లోపలి వాల్వ్ పని తగ్గిస్తుంది. వాటికి నేను చెప్పబోయేది వర్తించదు.

ప్లేట్ కదలడం లేదంటే దారి రెండుగా చీలుతుంది. కాయిల్‌కి కరెంటు రావడం లేదా? వస్తున్నా లాగలేకపోతోందా? మెకానిక్ కనెక్టర్ ఊడదీయకుండానే వెనక నుంచి సన్నటి పిన్నులు గుచ్చి మల్టీమీటర్ పెట్టాడు. 13.5 వోల్టులు. ఒక పిన్ను కనెక్టర్‌లో, ఇంకోటి బాడీ మీద పెట్టి కొలిస్తే ఎర్త్ వైపు లోపం దాక్కుంటుంది, అందుకే కాయిల్ రెండు కొసల మధ్యే కొలిచాడు. అదీ కాయిల్ తగిలి ఉండగానే. ఊడదీసి కొలిస్తే మాడిపోయిన రిలే (కరెంటుని కలిపే స్విచ్) కూడా పూర్తి వోల్టేజీ చూపించగలదు, కరెంటు పారినప్పుడే దాని అసలు రంగు బయటపడుతుంది.

ఆ ఒక్క కొలతతో ఏసీ స్విచ్, ప్రెషర్ సెన్సర్, ఈసీయూ, ఫ్యూజ్, రిలే, వైరింగ్, ఎర్త్ అన్నీ ఒకేసారి నిర్దోషులయ్యాయి. ఇన్నాళ్లు తల పట్టుకున్న నాకు ఆ క్షణంలో భలే ఉత్సాహం వచ్చింది. అనుమానం మొత్తం ఒక చిన్న ఇనప పళ్లెం, దాని వెనకాల తీగచుట్ట మధ్యకి వచ్చేసింది.

కాయిల్ లోపల తెగిపోయి ఉండొచ్చు. కొన్ని కంప్రెసర్లలో వేడెక్కితే కరెంటు ఆపేసే భాగం కూడా ఉంటుంది. అదేనా అని క్లాంప్ మీటర్ తగిలిస్తే దాదాపు 3 ఆంపియర్లు పారుతున్నాయి. తెగలేదు. కరెంటు ఉంది, అయస్కాంతం ఉంది, ప్లేట్ మాత్రం రావడం లేదు.

"కొద్దిగా వెనక్కి జరగండి సార్" అని, మెకానిక్ ఒక పొడుగాటి ఎండు కర్ర తీసుకుని పక్క నుంచి ప్లేట్ అంచుని పుల్లీ వైపు తేలిగ్గా తోశాడు. టక్‌మని అతుక్కుంది. ఇంజన్ చప్పుడు మారింది, గేజ్ ముళ్లు విడిపోయాయి, లోపల థర్మామీటర్ దిగడం మొదలైంది. ఈ కర్ర పని మీరు చేయకండి. చెయ్యి తిరిగినవాళ్లకే ప్రమాదం. ఇంజన్ ఆపి, ఫ్యూజున్న వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా కాయిల్‌కి కరెంటిచ్చి, టక్‌మంటుందో లేదో వినడం ఇంతకంటే మంచి పద్ధతి. వేడిగా ఉన్నప్పుడే చేయాలి, అంతే.

ఇప్పుడు ఎందుకు అన్న ప్రశ్న. వెంటనే ఇంజన్ ఆపి, కాయిల్ కనెక్టర్ తీసి నిరోధం కొలిస్తే 4.6 ఓమ్‌లు. పూర్తిగా చల్లారాక అదే కాయిల్ 3.5 చూపించింది. మొదట ఈ తేడా చూసి కాయిల్ పాడైందేమో అనుకోబోయాం, కానీ రాగి స్వభావమే అది. ఒక్కో డిగ్రీకి దాని నిరోధం సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 80 డిగ్రీలు వేడెక్కితే 31 శాతం. 3.5కి 31 శాతం కలిపితే సరిగ్గా 4.6 వస్తుంది. ఇంజన్ పక్కన, మూసిన బానెట్ కింద కాయిల్ వంద డిగ్రీల దాకా వేడెక్కడం వింతేమీ కాదు. అంటే కాయిల్ ఆరోగ్యంగానే ఉంది.

కానీ దాని ఫలితం చూడండి. చల్లగా ఉన్నప్పుడు 3.9 ఆంపియర్ల దాకా పారే కరెంటు వేడిలో 2.9కి పడిపోతుంది. అయస్కాంతపు లాగుడు స్థూలంగా కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, నాలుగో వంతు కరెంటు తగ్గితే లాగుడు 60 శాతం లోపుకి దిగుతుంది. క్లచ్ తయారుచేసేవాళ్లు ఇది లెక్కలో పెట్టుకునే చేస్తారు. కొత్త క్లచ్ ఆ 60 శాతంతోనూ సునాయాసంగా పట్టుకుంటుంది. మరి మాది ఎందుకు పట్టుకోలేదు?

ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకులు) తెప్పించి ప్లేట్‌కీ పుల్లీకీ మధ్య సందు కొలిచాం, ప్లేట్‌ని తిప్పుతూ మూడు చోట్ల. 0.85 నుంచి 0.9 మిల్లీమీటర్లు. ఆ కంప్రెసర్‌కి ఉండాల్సింది 0.35 నుంచి 0.6 లోపు. ఈ హద్దులు కంప్రెసర్‌ని బట్టి మారతాయి, మీ బండి మాన్యువల్ చూసుకోవాల్సిందే. ప్లేట్ అతుక్కునే ప్రతిసారీ తిరుగుతున్న పుల్లీ మీద ఒక్క క్షణం జారి పట్టుకుంటుంది. అలా ఏళ్ల తరబడి రెండు ముఖాలూ అరుగుతాయి, సందు పెరుగుతుంది. సందు పెరిగేకొద్దీ లాగుడు చాలా వేగంగా పడిపోతుంది. పొద్దున పూట పూర్తి కరెంటుతో ఆ సందుని ఎలాగో దాటేది. మధ్యాహ్నం తగ్గిన కరెంటుతో దాటలేకపోయేది.

నాకు అంతుపట్టని రెండు సంగతులూ ఇక్కడే విడిపోయాయి. ప్లేట్ ఒకసారి అతుక్కున్నాక సందు సున్నా. అప్పుడు పట్టి ఉంచడానికి తక్కువ కరెంటు చాలు, కాయిల్ ఎంత వేడెక్కినా వదలదు. కాబట్టి కంప్రెసర్ ఆగకుండా తిరుగుతున్నంతసేపూ ఏ సమస్యా రాదు. ఒకసారి వదిలి మళ్లీ పట్టుకోవాల్సి వచ్చినప్పుడే విఫలమవుతుంది. బ్లోయర్ ఫుల్‌లో ఉంటే ఎండలో కారు అంత తొందరగా చల్లబడదు, కంప్రెసర్ ఆగే పనే ఉండదు. బ్లోయర్ ఒకటిలో పెడితే కూలింగ్ కాయిల్ దగ్గర చలి ఎక్కువై, మంచు కట్టకుండా సెన్సర్ కంప్రెసర్‌ని ఆపుతుంది. కూలింగ్ కాయిల్ కొంచెం వెచ్చబడగానే మళ్లీ వేయమంటుంది. ఆ "మళ్లీ" దగ్గరే మా ప్లేట్ రావడం లేదు. ఏసీ బాగా పనిచేసినందువల్లే ఆగిపోతోందన్న మాట! హైవే మీద బానెట్ కిందికి గాలి ఆడి క్లచ్ కాయిల్ అంత వేడెక్కదు కాబట్టి అక్కడ వదిలినా పట్టుకునేది.

దొరికాక పని చిన్నదే. గ్యాస్ తీయనక్కర్లేదు, ఎందుకంటే క్లచ్ మొత్తం కంప్రెసర్ సీల్‌కి బయటే ఉంటుంది. ఇది తెలియక క్లచ్ పని అనగానే గ్యాస్ కూడా లెక్కలో వేయించుకునేవాళ్లుంటారు. ప్లేట్‌ని తిరగకుండా పట్టుకునే సాధనంతో పట్టి, మధ్య బోల్టు విప్పి, ప్లేట్ బయటికి లాగాడు. ఇరుసు మీద పల్చటి వాషర్లు ఉన్నాయి, సందు సరిచేయడానికి పెట్టినవే. ఒకటి తీసేసి మళ్లీ బిగించి కొలిస్తే 0.4. చేత్తో పుల్లీ తిప్పి ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకున్నాం. సందు మరీ తగ్గిస్తే కరెంటు లేనప్పుడు కూడా ప్లేట్ రాసుకుంటూ వేడెక్కి, బేరింగ్‌ని తినేస్తుంది. పుల్లీ బేరింగ్ చప్పుడు కూడా అప్పుడే విన్నాం, బాగానే ఉంది. అది గరగరమంటే ఈ సర్దుబాటుతో ఆగకూడదు.

అదే ఎండలో, అదే చోట మళ్లీ పరీక్ష పెట్టాం. బ్లోయర్ ఒకటిలో పెట్టి, వదలడం, పట్టుకోవడం చాలాసేపు చూశాం. ప్రతిసారీ టక్‌మని పట్టుకుంది. వేడి మీద కాయిల్ నిరోధం మళ్లీ 4.6 దగ్గరే ఉంది. అది మారలేదు, మారాల్సిన పనీ లేదు.

మీ కారుకీ ఇలాంటిదే జరుగుతుంటే సరిగ్గా ఇదే కారణమని చెప్పలేను. ఏసీ ఆగినప్పుడు ప్లేట్ తిరుగుతూనే ఉంటే క్లచ్‌ని వదిలేయండి. గేజ్‌లు చూడాలి. ఆ సమయంలో లో సైడ్ దాదాపు వాక్యూమ్‌లోకి పోతుంటే, గ్యాస్‌ని సన్నటి దారిలోంచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర అడ్డం పడినట్టు. వ్యవస్థలో తేమ చేరితే అక్కడ మంచుముక్కగా గడ్డకట్టి దారి మూసేస్తుంది, కాసేపు ఆపితే కరిగి మళ్లీ పనిచేస్తుంది. మా కారు లక్షణాల్లాగే కనిపిస్తుంది గానీ మందు వేరు, తేమ పీల్చే డ్రయర్ మార్చి బాగా వాక్యూమ్ పెట్టాలి. ప్లేట్ ఆగి, కాయిల్‌కి కరెంటు కూడా రాకపోతే దారిలో ఏదో దాన్ని ఆపుతోందని అర్థం. హై ప్రెషర్ కావచ్చు, ఇంజన్ కూలెంట్ మరీ వేడెక్కి ఈసీయూ భారం తగ్గించుకోవడం కావచ్చు, వేడికి మొరాయించే రిలే కావచ్చు. స్కానర్ పెడితే చాలా కార్లలో గ్యాస్ ప్రెషర్, కూలెంట్ ఉష్ణోగ్రత తెర మీదే కనిపిస్తాయి. ఆగిన క్షణంలో ఆ రెండు అంకెలూ చూస్తే సగం పని అయిపోతుంది. కాయిల్ దగ్గర 13.5 రావాల్సిన చోట 11.5 వస్తుంటే, సందు బాగానే ఉన్నా మా కారు పడిన పాట్లే పడుతుంది. అప్పుడు వాషర్లు తీయడం దండగ, రిలే కాంటాక్టుల్లో, ఎర్త్‌లో ఆ రెండు వోల్టులు ఎక్కడ పోతున్నాయో వెతకాలి.

మా ఇరుసు మీద ఇంకో వాషర్ మిగిలి ఉంది. అది కూడా తీసేయాల్సిన రోజు వచ్చి, ఆ తర్వాత సందు మళ్లీ పెరిగితే సర్దడానికి ఇంకేమీ ఉండదు, ప్లేట్, పుల్లీ, కాయిల్ కలిపి క్లచ్ సెట్ మార్చాల్సిందే. అప్పటికీ కంప్రెసర్ జోలికి పోనక్కర్లేదు.